దీపాల బజారులో పుట్టిన శాస్త్రం

రేడియోధార్మికత పాఠం మన పుస్తకాల్లో బెక్వరెల్ యురేనియంతో మొదలవుతుంది. క్యూరీ దంపతుల రేడియం మీదుగా నడిచి హిరోషిమా దగ్గర ఆగుతుంది. శ్రీకాకుళం జిల్లా కాలేజీల్లో కెమిస్ట్రీ చెప్పినన్నాళ్ళూ నేనూ ఆ వరసలోనే చెప్పాను, సిలబస్ అలా ఉంది కాబట్టి. కానీ ప్రతి బ్యాచ్‌కీ ఒక పీరియడ్ పక్కకు తీసి పెట్రోమాక్స్ లైటు కథ చెప్పేవాణ్ణి. అర్ధాయువు, ఒక మూలకం ఇంకొకటిగా మారడం, ఐసోటోపు. న్యూక్లియర్ కెమిస్ట్రీ నిలబడ్డ ఈ మూడు స్తంభాలకీ థోరియం దగ్గరే పునాది పడింది. ఆ థోరియాన్ని శాస్త్రవేత్తల కోసం ఎవరూ తియ్యలేదు. దీపాలు అమ్ముకునేవాళ్ళు తీశారు. ఈ సంగతి పిల్లలకి తెలియకుండా పోవడం నాకెప్పుడూ బాధగానే ఉంటుంది.

మా నాన్నది అద్దె సామాన్ల కొట్టు. షామియానాలు, గుండిగలు, బెంచీలు, వాటితోపాటు పెట్రోమాక్స్ లైట్లు. పెళ్ళి ఊరేగింపుకి, అమ్మవారి పండక్కి, బుర్రకథకి, రాత్రి నూర్పులకి, జాలరిపేటలో ఎవరైనా పోతే శవం దగ్గరికి కూడా ఆ లైట్లే వెళ్ళేవి. సాయంత్రమైతే కొట్టు ముందు వాటిని వరసగా పెట్టి, ట్యాంకుల్లో కిరసనాయిలు పోసి, చిన్న గిన్నెలో స్పిరిట్ వెలిగించి గొట్టం వేడెక్కాక పంపు కొట్టేవారు. ముక్కు పూడుకుపోతే పిన్ను పెట్టి తీసేవారు. ఇంత హడావుడీ ఒక చిన్న తెల్లని సంచి కోసం. దాన్నే మాంటిల్ అనేవాళ్ళం. పట్టులా మెత్తగా, అల్లిక కనిపించేలా ఉండేది. దాన్ని పింగాణీ ముక్కుకి దారంతో కట్టి అగ్గిపుల్ల గీస్తే గుడ్డంతా కాలిపోయేది. కాలిపోగా అదే ఆకారంలో తెల్లని బూడిద గూడు మిగిలేది. వెలిగేది ఆ బూడిదే. వేలు తగిలితే పొడైపోతుంది. అందుకే నెత్తిన లైటు మోసే మనిషి నడకని నాన్న చూసి మరీ పెట్టుకునేవారు. మాంటిల్ రాలకుండా తిరిగి తెచ్చినవాళ్ళకి కూలి కాస్త ఎక్కువిచ్చేవారు.

గుడ్డ కాలిపోయాక మిగిలిన ఆ బూడిద ఏమిటి? నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు థోరియం ఆక్సైడ్, ఒక పాలు సీరియం ఆక్సైడ్. ఈ లెక్క తేల్చినవాడు వియన్నాకి చెందిన కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్. జర్మనీలోని హైడల్‌బర్గ్‌లో బున్సెన్ దగ్గర చదువుకున్నాడు. విరళ మృత్తికలని ఒకదాన్నుంచి ఒకటి విడదీయడంలో అతనికి సాటి లేదు. అప్పటిదాకా ఒకే మూలకం అనుకున్న డిడిమియాన్ని 1885లో రెండుగా చీల్చి ప్రెసియోడిమియం, నియోడిమియం అని చూపించాడు. అదే ఏడాది మాంటిల్‌కి పేటెంటు తీసుకున్నాడు. గుడ్డని లవణాల ద్రావణంలో నానబెట్టి, ఆరబెట్టి, కాల్చి, మిగిలిన ఆక్సైడ్‌ని గ్యాసు మంటలో ఉంచడం అతని ఉపాయం. మొదటి రకం ఆకుపచ్చగా వెలిగేది, తొందరగా విరిగేది. వియన్నా శివార్లలో 1887లో పెట్టిన ఫ్యాక్టరీ రెండేళ్ళకే మూతపడింది. ఆవర్ మాత్రం వదల్లేదు. థోరియాన్ని శుద్ధి చేసిన కొద్దీ వెలుగు తగ్గిపోతుండడం గమనించాడు. అంటే వెలుగు థోరియానిది కాదు, అందులో మిగిలిన మలినానిది. ఆ మలినం సీరియం. అది ఒక శాతం ఉంటే వెలుగు ధగధగలాడుతుంది, అంతకు మించితే మళ్ళీ మసకబారుతుంది. థోరియం ఆక్సైడ్ చేసే పని కరిగిపోకుండా నిలబడడం. దాదాపు 3,300 డిగ్రీల సెల్సియస్ దాకా కరగని ఆక్సైడ్ అది. 1891 నవంబరు 4న వియన్నాలో ఒపేరా దగ్గరి కాఫీ హోటలు ముందు ఈ కొత్త దీపం వెలిగింది. కొన్నేళ్ళలో యూరప్ వీధులన్నీ దాని వెలుగులోకి వచ్చాయి. బెర్లిన్‌లోని ఎర్రిఖ్ అండ్ గ్రేట్స్ కంపెనీ ఇదే మాంటిల్‌ని కిరసనాయిలు ఆవిరితో వెలిగించే లాంతరుగా మలిచింది. మాక్స్ గ్రేట్స్ తయారుచేసిన ఆ లాంతరే పెట్రోమాక్స్.

మాంటిళ్ళు కోట్లలో అమ్ముడుపోతుంటే థోరియం ఎక్కడినుంచి తేవాలి? బెర్జీలియస్ 1828లో ఈ మూలకాన్ని నార్వే రాతిలో గుర్తించాక అరవై ఏళ్ళపాటు దానితో ఎవరికీ పని పడలేదు. ఇప్పుడు టన్నుల లెక్కన కావాలి. మొదట అమెరికాలోని కరోలినా ఏటి ఇసుక, తర్వాత బ్రెజిల్ సముద్రపు ఇసుక, ఆ తర్వాత మన తిరువాన్కూరు. 1909లో షాంబర్గ్ అనే జర్మన్ రసాయనవేత్త, తిరువాన్కూరు నుంచి వచ్చిన కొబ్బరి పీచుకి అంటుకున్న ఇసుకలో మోనజైట్‌ని గుర్తించి, దాన్ని వెతుక్కుంటూ మనవాళకురిచ్చి తీరానికి వచ్చాడు. బ్రెజిల్ మోనజైట్ కన్నా ఇందులో థోరియం ఎక్కువ, తూకంలో ఎనిమిది నుంచి పది శాతం ఆక్సైడ్. 1914లో యుద్ధం రాగానే బ్రిటిషువాళ్ళు ఆ ఇసుక మీద జర్మన్ల పట్టు ఊడగొట్టారు. వీధి దీపాల ఇసుక అప్పుడే రాజ్యాల మధ్య తగాదా అయింది.

మోనజైట్ మాకు దూరపు వస్తువేమీ కాదు. భావనపాడు, కళింగపట్నం, భీమిలి ఒడ్డున అల వెనక్కి పోయాక ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి. తూర్పు కనుమల రాళ్ళు లక్షల ఏళ్ళు అరిగి, వంశధార, నాగావళి లాంటి నదుల్లో కొట్టుకొచ్చి, అలల చేతిలో చెరగబడి, బరువైనవన్నీ ఒకచోట చేరితే ఏర్పడ్డ చారలవి. నలుపు ఇల్మనైట్‌ది, ఎరుపు గార్నెట్‌ది. వాటి మధ్య తేనె రంగు రేణువులు కొన్ని ఉంటాయి. అదే మోనజైట్. దేశంలో దాని నిల్వలు అన్నిటికన్నా ఎక్కువ ఆంధ్ర తీరంలోనే ఉన్నాయని అణు ఖనిజాల శాఖ లెక్క. థోరియం అర్ధాయువు 1,400 కోట్ల సంవత్సరాలు. భూమి వయసు సుమారు 454 కోట్లు. అంటే భూమి పుట్టినప్పుడున్న థోరియంలో ఐదింట నాలుగు వంతులు ఇంకా అలాగే ఉంది. మిగతా వంతు సీసమైపోయింది.

ఇక అసలు కథకి వస్తాను. 1898 ప్రారంభంలో జర్మనీలో గెర్‌హార్డ్ ష్మిట్, కొన్ని వారాల తేడాతో పారిస్‌లో మేరీ క్యూరీ, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, థోరియం కూడా యురేనియంలాగే కిరణాలు వదులుతుందని కనిపెట్టారు. అప్పటికే యూరప్ వీధుల్లో ఏడేళ్ళుగా థోరియం వెలుగుతోంది. రేడియం చూడాలంటే మేరీ క్యూరీ టన్నుల కొద్దీ ఖనిజాన్ని మరగబెట్టాల్సి వచ్చింది. థోరియం నైట్రేట్ అలా కాదు, సీసా చొప్పున కొనుక్కోవచ్చు. మాంటిల్ ఫ్యాక్టరీలు దాన్ని బజారు సరుకు చేసి పెట్టాయి.

కెనడాలోని మాంట్రియల్‌కి కొత్తగా వచ్చిన రూథర్‌ఫర్డ్ తన సహోద్యోగి ఓవెన్స్‌ని థోరియం చూడమన్నాడు. ఓవెన్స్ కొలతలు నిలకడగా రాలేదు. గది తలుపు తెరిస్తే ఒకలా, మూస్తే ఒకలా. గాలి వీస్తే థోరియం బలం తగ్గినట్టు కనిపించేది. రూథర్‌ఫర్డ్ ఆ చికాకు వెంట పడ్డాడు. థోరియం నుంచి ఏదో వాయువు ఊరుతోంది, గాలి దాన్ని ఎత్తుకుపోతోంది. ఆ వాయువుని గొట్టంలోంచి వేరే పాత్రలోకి పంపి కొలిస్తే, నిమిషానికి దాని చురుకుదనం సగమైంది. ఇంకో నిమిషానికి ఆ సగంలో సగం, మరో నిమిషానికి అందులో సగం. 1900లో ఈ ఫలితం అచ్చయింది. అర్ధాయువు అనే ఊహ అక్కడ పుట్టింది. ఆ వాయువుని ఇప్పుడు రేడాన్-220 అంటాం. నేటి కొలతలో దాని అర్ధాయువు 55.6 సెకన్లు.

పిల్లలకి ఇది చెప్పేటప్పుడు నేను అష్టాచెమ్మా పిక్కలు పట్టుకెళ్ళేవాణ్ణి. చింతపిక్కని అరగదీసి రెండు బద్దలు చేస్తే ఒక పక్క నలుపు, ఒక పక్క తెలుపు. గుప్పెడు బద్దలు బల్ల మీద వేసి, తెలుపు పడ్డవన్నీ తీసెయ్యమనేవాణ్ణి. మిగిలినవి మళ్ళీ వేస్తే మళ్ళీ సుమారు సగం పోతాయి. ఏ పిక్క ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు, కానీ గుప్పెడు మొత్తానికి లెక్క తప్పదు. నాలుగుసార్లు నలుపు పడ్డ పిక్కకి ఐదోసారి తెలుపు పడే అవకాశం పెరగదు కూడా. పరమాణువుకీ అంతే, ముసలితనం లేదు. వెయ్యి కోట్ల ఏళ్ళు నిలిచిన థోరియం పరమాణువుకీ నిన్న పుట్టిన దానికీ రేపు పగిలే అవకాశం ఒక్కటే. ఈ ఒక్క మాట పట్టుబడితే పిల్లవాడికి అర్ధాయువు లెక్కలన్నీ వాటంతటవే వచ్చేస్తాయి.

మాంటిల్‌కి లెక్క వేద్దాం. ఒక్కోదానిలో పావు గ్రాము థోరియం ఉందనుకోండి. అందులో పరమాణువులు 65 పక్కన 19 సున్నాలు పెట్టినన్ని. అంత పెద్ద గుంపులో సెకనుకి పగిలేవి సుమారు వెయ్యి. మా కాలేజీలో ఎక్స్‌రే ఫిల్ముని నల్ల కాగితంలో చుట్టి, మీద మాంటిల్ పెట్టి, బీరువాలో కొన్ని వారాలు వదిలేసి తీసి కడిగితే, అల్లికతో సహా దాని బొమ్మ ఫిల్ము మీద పడేది. ఎండ లేదు, దీపం లేదు, కరెంటు లేదు. ఆ బొమ్మ చూసినప్పుడు పిల్లల మొహాల్లో కనిపించినది ఏ పరీక్ష మార్కుల్లోనూ నాకు కనిపించలేదు.

రూథర్‌ఫర్డ్‌కి ఫ్రెడరిక్ సాడీ అనే కుర్ర రసాయనవేత్త తోడయ్యాడు. బెర్లిన్‌లో క్నోఫ్లర్ అనే ఆయనకి మాంటిళ్ళ కోసం థోరియం తయారుచేసే కార్ఖానా ఉండేది. ఆయన బాగా శుద్ధి చేసిన థోరియం నైట్రేట్‌ని వీళ్ళకి కానుకగా పంపాడు. 1901 చివర్లో సాడీ థోరియం నైట్రేట్ ద్రావణంలో అమ్మోనియా పోశాడు. మా ఇంటర్ ల్యాబులో రోజూ చేసే అవక్షేపణం లాంటిదే ఇది. థోరియం తెల్లని హైడ్రాక్సైడ్‌గా అడుక్కి దిగింది. పైన తేటలో థోరియం లేదు, కానీ చురుకుదనంలో ఎక్కువ భాగం ఆ తేటలోనే ఉండిపోయింది. దాన్ని వాళ్ళు థోరియం-ఎక్స్ అన్నారు. క్రిస్మస్ సెలవులకి వెళ్ళి తిరిగొచ్చి చూస్తే, తేట చల్లబడిపోయింది. అడుగున తీసిన థోరియం తన పూర్వ బలమంతా తిరిగి తెచ్చుకుంది. ఇద్దరూ రోజు రోజూ కొలిచారు. ఒకటి సుమారు నాలుగు రోజులకి సగం పోగొట్టుకుంటోంది, ఇంకొకటి అదే నాలుగు రోజులకి సగం తెచ్చుకుంటోంది. రెండు గీతలూ అద్దంలో ప్రతిబింబాల్లా కుదిరాయి. థోరియం తనకు తానే వేరే పదార్థంగా మారుతోందని, ఆ పదార్థం మరొకటిగా మారుతోందని తేలింది. మూలకం శాశ్వతం అనే నూరేళ్ళ నమ్మకం ఒక వడపోత కాగితం మీద పోయింది. బంగారం చేస్తామనే రసవాదుల గుంపులో తమని కలిపేస్తారేమోనని రూథర్‌ఫర్డ్ ఆ మాట పైకి అనడానికి జంకాడు. 1908లో అతనికి నోబెల్ బహుమతి వచ్చింది, భౌతికశాస్త్రంలో కాదు, రసాయనశాస్త్రంలో.

ఇక్కడ మన తెలుగువాళ్ళకి ముచ్చటైన సంగతి ఒకటుంది. 1904లో సింహళంలో థోరియం పుష్కలంగా ఉన్న కొత్త ఖనిజం బయటపడింది, పేరు థోరియనైట్. దాన్ని వెలుగులోకి తెచ్చిన వాళ్ళలో ముఖ్యుడు అప్పటి సింహళ ఖనిజ సర్వే అధికారి ఆనంద కుమారస్వామి. తర్వాత భారతీయ కళల వ్యాఖ్యాతగా ప్రపంచానికి తెలిసిన కుమారస్వామే ఆయన. నందికేశ్వరుని అభినయదర్పణాన్ని 1917లో ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు ఆయన పక్కన కూర్చుని పనిచేసినవాడు మన చీరాల ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. నటరాజు మీద రాసిన చెయ్యే అంతకుముందు థోరియం రాయిని పరీక్షించిందంటే, ఆ తరం మనుషుల చదువు విస్తృతికి నాకు చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఆ థోరియనైట్ లండన్‌లో ఓటో హాన్ అనే జర్మన్ కుర్రాడి చేతికి చేరింది. అతని గురువు రామ్సే అందులోంచి తీసిన బేరియం లవణం ఇచ్చి రేడియం వెలికితీయమన్నాడు. హాన్‌కి రేడియంతోపాటు ఇంకేదో దొరికింది. థోరియం వాయువునే వదులుతుంది, కానీ థోరియం కన్నా లక్షల రెట్లు చురుకైనది. రేడియోథోరియం అన్నాడు. 1905 నాటి మాట అది. అనుభవజ్ఞుడైన అమెరికన్ బోల్ట్‌వుడ్ మొదట దాన్ని కొట్టిపారేశాడు. కానీ ఆ బోల్ట్‌వుడ్ కొలతల్లోనే ఒక చిక్కు తేలింది. కంపెనీలు అమ్మే థోరియం లవణాల్లో ఉండాల్సిన చురుకుదనంలో సగమే ఉంటోంది.

హాన్ 1906లో బెర్లిన్ వచ్చి, యూనివర్సిటీవాళ్ళు ఇచ్చిన పాత వడ్రంగి గదిలో పని మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది లీసా మైట్నర్ వచ్చి చేరింది. చిక్కు విడదీయడానికి హాన్ ఎక్కడికి వెళ్ళాడో చూడండి, క్నోఫ్లర్ కార్ఖానాకి. వేర్వేరు సంవత్సరాల్లో తయారైన థోరియం సరుకు నమూనాలు తెచ్చుకున్నాడు. ఏది ఎప్పటిదో కార్ఖానాలో తెలుసు. కొలిస్తే, కొత్త సరుకు బలంగా ఉంది. కొన్నేళ్ళది నీరసంగా ఉంది. బాగా పాతది మళ్ళీ పుంజుకుంది. వయసుతో తగ్గి మళ్ళీ పెరగడం ఏమిటి? థోరియానికీ రేడియోథోరియానికీ మధ్య ఇంకో పదార్థం ఉండాలి, శుద్ధి చేసేటప్పుడు కార్ఖానాలో అది వేరై చెత్తలోకి పోతోంది. తల్లి లేకపోవడంతో రేడియోథోరియం కొన్నేళ్ళు తరుగుతుంది, థోరియం ఆ తల్లిని మళ్ళీ పుట్టించుకున్నాక తిరిగి పెరుగుతుంది. 1907లో హాన్ దానికి మీసోథోరియం అని పేరు పెట్టాడు. అంటే ప్రతి మాంటిల్‌లోనూ అది పుట్టిన తేదీ దాగి ఉంది. నాలుగైదేళ్ళ వయసుకి దాని రేడియోధార్మికత బాగా అడుగంటి, ఆ తర్వాత దశాబ్దాలపాటు మెల్లగా లేస్తుంది.

ఇప్పుడు గొలుసంతా ఒకసారి చూద్దాం. ఆల్ఫా కణం బయటికి పోతే పరమాణు సంఖ్య రెండు తగ్గుతుంది, ద్రవ్యరాశి నాలుగు తగ్గుతుంది. బీటా కణం పోతే ద్రవ్యరాశి మారదు, సంఖ్య ఒకటి పెరుగుతుంది. థోరియం-232 సంఖ్య 90. ఒక ఆల్ఫా పోగొట్టుకుని 88కి దిగుతుంది. అది రేడియం ఇల్లు, మీసోథోరియం అదే. రెండు బీటాలతో మళ్ళీ 90కి ఎక్కుతుంది, అంటే మళ్ళీ థోరియమే, కానీ బరువు 228. రేడియోథోరియం అదే. ఇంకో ఆల్ఫాతో మళ్ళీ 88, థోరియం-ఎక్స్. అక్కడినుంచి రేడాన్, పొలోనియం, సీసం, బిస్మత్ మీదుగా దిగి చివరికి సీసం-208 దగ్గర ఆగిపోతుంది. మొత్తం ఆరు ఆల్ఫాలు, నాలుగు బీటాలు. రేడియోథోరియాన్ని థోరియం నుంచి ఏ రసాయన పద్ధతిలోనూ విడదీయలేక పెద్ద పెద్దవాళ్ళు తల పట్టుకున్నారు. మీసోథోరియం, థోరియం-ఎక్స్ రెండూ రేడియం నుంచి విడిపోవని సాడీ చూశాడు. చేతగాక విడదీయలేకపోవడం కాదిది, రసాయనికంగా అవి ఒక్కటే అని చెప్పే ధైర్యం అతనికి కలిగింది. ఆవర్తన పట్టికలో ఒకే గదిలో వేర్వేరు బరువులవాళ్ళు కాపురం ఉండొచ్చు. 1913లో వాటికి ఐసోటోపులు అని పేరు పెట్టాడు. రుజువు కూడా సింహళం నుంచే వచ్చింది. అక్కడి థోరైట్ రాతిలో చేరిన సీసాన్ని తూచితే మామూలు సీసం కన్నా బరువెక్కువ. యురేనియం ఖనిజాల సీసం మామూలుదానికన్నా తేలిక.

ఇక్కడిదాకా చెప్పి ఆగిపోతే అబద్ధం చెప్పినట్టే. మీసోథోరియం అర్ధాయువు 5.75 ఏళ్ళు, రేడియానిది 1,600 ఏళ్ళు. ఆయుష్షు తక్కువైతే అదే తూకంలో తీవ్రత ఎక్కువ. మాంటిల్ కార్ఖానాల చెత్తలోంచి మీసోథోరియం తీసి రేడియానికి బదులుగా ఆసుపత్రులకి అమ్మారు. హాన్‌కి దాని మీద మంచి ఆదాయం వచ్చింది, అందులో పదోవంతు మైట్నర్‌కి ఇచ్చాడు. అమెరికాలో గడియారాల అంకెలు చీకట్లో మెరిసేలా పూసే రంగులో రేడియంతోపాటు మీసోథోరియం కూడా కలిపారు. న్యూజెర్సీలోని ఆరెంజ్ పట్టణంలో ఆ అంకెలు దిద్దిన ఆడపిల్లలకి కుంచె మొన పెదవులతో సన్నం చేసుకోమని నేర్పారు. రేడియం కాల్షియం వరసలోది, అందుకే శరీరం దాన్ని ఎముకల్లో దాచుకుంటుంది. ఆ పిల్లల దవడలు కుళ్ళిపోయాయి. 1925లో హ్యారిసన్ మార్ట్‌లాండ్ అనే వైద్యుడు కారణం తేల్చాడు. 1928లో ఐదుగురు స్త్రీల కేసు పరిహారంతో ముగిసింది. వాళ్ళ ప్రాణాల మీదుగానే మనకి ఈనాటి రక్షణ పరిమితులు వచ్చాయి. రేడియోధార్మికత పాఠంలో ఆ స్త్రీల ప్రస్తావన లేని పుస్తకాన్ని నేను మంచి పుస్తకమని ఒప్పుకోను.

ఆవర్ కంపెనీ థోరియం కలిపిన పళ్ళ పేస్టు కూడా అమ్మింది, డోరామాడ్ అని దాని పేరు. రెండో యుద్ధం చివర్లో ఆ కంపెనీ పారిస్ నుంచి థోరియం తరలించుకుపోయిందని తెలిసి, జర్మన్లు బాంబు చేస్తున్నారేమోనని అమెరికన్ నిఘావాళ్ళు కంగారుపడ్డారు. యుద్ధం తర్వాత పళ్ళ పేస్టు అమ్మే ఆలోచనతో తీసుకెళ్ళారని చివరికి తేలింది. బెర్లిన్ దగ్గర ఒరానియన్‌బుర్గ్‌లో ఉన్న ఆవర్ కార్ఖానా రష్యన్ల చేతికి పోకూడదని 1945 మార్చి 15న అమెరికన్ విమానాలు దాన్ని నేలమట్టం చేశాయి. ఇక న్యూజెర్సీలో కామ్‌డెన్, గ్లౌస్టర్ పట్టణాల్లో మాంటిల్ కంపెనీల వ్యర్థాలు పల్లపు నేలలు పూడ్చడానికి వాడితే, ఆ మట్టి మీదే ఇళ్ళు లేచాయి. 1996లో అమెరికా ప్రభుత్వం ఆ ప్రాంతాలని ప్రమాదకర స్థలాల జాతీయ జాబితాలో చేర్చి మట్టి తవ్వించాల్సి వచ్చింది.

1938 డిసెంబరులో హాన్, స్ట్రాస్‌మన్ బెర్లిన్‌లో యురేనియం మీద న్యూట్రాన్లు వదిలి, పుట్టింది రేడియమా బేరియమా తేల్చుకోలేక సతమతమయ్యారు. అప్పుడు వాళ్ళు అసలైన రేడియం ఎలా ప్రవర్తిస్తుందో పక్కన పోల్చి చూడడానికి వాడింది మీసోథోరియమే. మీసోథోరియం రేడియం దారిలో పోయింది, కొత్త పదార్థం బేరియాన్ని వదల్లేదు. యురేనియం కేంద్రకం చీలిందని ప్రపంచానికి తెలిసింది అలాగ. దేశం విడిచి స్వీడన్‌లో తలదాచుకున్న మైట్నర్, అక్క కొడుకు ఫ్రిష్‌తో కలిసి దాని అర్థం విప్పి చెప్పింది. నోబెల్ హాన్‌కి ఒక్కడికే వచ్చింది. అది అన్యాయమని నేను తరగతిలో చెప్పేవాణ్ణి, ఇప్పుడూ అదే అంటాను.

చీలిక తెలిశాక మోనజైట్ విలువ మారిపోయింది. 1946, 47ల్లో తిరువాన్కూరు దివాను సి.పి. రామస్వామి అయ్యర్ స్వతంత్ర రాజ్యం కలలో ఆ ఇసుకని పెద్ద పావుగా వాడబోయాడు. అది సాగలేదు. 1948లో అణుశక్తి చట్టం, 1950లో ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ, 1952 డిసెంబరులో ఆల్వాయిలో మోనజైట్ కార్ఖానా, 1955లో ట్రాంబేలో థోరియం ప్లాంటు వచ్చాయి. ఆ ప్లాంటులో తయారైన థోరియం నైట్రేట్ చాలావరకు ఎక్కడికి వెళ్ళిందంటే, మళ్ళీ మాంటిల్ తయారీదార్లకే. హోమీ భాభా 1954లో చెప్పిన మూడు దశల ప్రణాళికలో థోరియానిది చివరి దశ. దానికి సమయం రాలేదు. ఈలోగా పల్లెల పెళ్ళిళ్ళు అణుశక్తి శాఖ థోరియంతో వెలిగాయి. మా కొట్టులో మాంటిల్ ప్యాకెట్లు కొనుక్కొచ్చిన మా నాన్నకి అది తెలిసే దారే లేదు.

థోరియం తనంతట తాను ఇంధనం కాదు. దాని కేంద్రకం ఒక న్యూట్రాన్‌ని మింగి థోరియం-233 అవుతుంది. ఇరవై రెండు నిమిషాల అర్ధాయువుతో అది ప్రొటాక్టినియంగా, 27 రోజుల అర్ధాయువుతో అది యురేనియం-233గా మారుతుంది. చీలేది ఆ చివరిది. కల్పాక్కంలో 1996లో పనిచేయడం మొదలుపెట్టిన చిన్న పరిశోధన రియాక్టర్ కామిని ఈ యురేనియం-233 మీదే నడుస్తుంది. అంతకన్నా పెద్ద ఎత్తున ఆ దశ ఇంకా రావాల్సే ఉంది.

లైటు వాడినవాళ్ళకి ముప్పు ఉందా అని నన్ను చాలామంది అడుగుతారు. దూరంగా వేలాడుతున్న దీపం వల్ల భయపడాల్సిందేమీ లేదు. ఆల్ఫా కణం గాలిలో కొన్ని సెంటీమీటర్లకు మించి పోలేదు. చూసుకోవాల్సింది లోపలికి పోయేదాన్ని. కొత్త మాంటిల్ మొదటిసారి కాల్చినప్పుడు థోరియం సంతతిలో కొన్ని వేడికి ఆవిరై పొగతో లేస్తాయి. రాలిన బూడిద ఊపిరితో పోతే ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది. వారానికొక మాంటిల్ మార్చే ఇంటికన్నా, రోజంతా గుడ్డలు నానబెట్టి ఆరబెట్టి కుట్టే కార్మికులకీ, పదేసి లైట్లు తుడిచి ముట్టించే అద్దె కొట్లవాళ్ళకీ ఆ దుమ్ము ఎక్కువ. మా కొట్టులో విరిగిన మాంటిళ్ళని చీపురుతో ఊడ్చేవారు, పిల్లలం ఆ తెల్లని పొడిని వేళ్ళ మధ్య నలిపి చూసుకునేవాళ్ళం. ప్యాకెట్టు మీద ఎవరూ ఒక్క హెచ్చరిక రాయలేదు. విదేశాల్లో 1990ల నుంచి పెద్ద తయారీదార్లు థోరియం మాని ఇట్రియం మాంటిళ్ళకి మారారు. ఇక్కడ ఆ ఆలోచన వచ్చేసరికి జనరేటర్లు, తర్వాత ఎల్ఈడీలు వచ్చి లైట్లే అటకెక్కాయి.

పాత ఇళ్ళలో, మూతపడ్డ అద్దె కొట్లలో ఇంకా ప్యాకెట్లు ఉంటాయని నాకు తెలుసు. దొరికితే విప్పకండి, ఊదకండి, పిల్లల చేతికివ్వకండి. ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించి, ఏ సంవత్సరం నాటిదో తెలిస్తే మీద రాసి, గీగర్ కౌంటర్ ఉన్న కాలేజీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంటుకి కబురు చెయ్యండి. తేదీ మాత్రం గుర్తు తెచ్చుకుని రాయండి. హాన్ క్నోఫ్లర్ దగ్గర అడిగింది కూడా అదే, సరుకు ఏ సంవత్సరానిది అని.